గోచరము అగోచరమాయెను

పాండవులు విరాటుని కొలువున మఱుగుపడియున్న కాలమున శత్రువులు మత్స్యదేశముపై దండెత్తి ఆలమందలను తరలించుకొనిపోయిరి. దక్షిణమున ఒకటి, ఉత్తరమున ఒకటి, రెండు గోగ్రహణములు జరిగెను. అర్జునుడు గాండీవమెత్తి ఉత్తరమున మందలను మఱలించెను. ఆ కథను తెనుగున చెప్పిన తిక్కన సోమయాజి మన పొరుగున నున్న నెల్లూరివాడు. గోగ్రహణమనగా నేమో మన ప్రాంతమువారికి ఒకరు బోధింపనక్కఱలేదు.

కాని గుంటూరు, పలనాడు, బాపట్ల, ప్రకాశము జిల్లాల నల్లరేగడి బయళ్లలో మన కన్నులయెదుట జరిగిన అపహరణము వేఱు విధమైనది. ఇచట ఆవులను ఎవరును తోలుకొనిపోలేదు. అవి కొట్టములలో కట్టుగొయ్యలకు కట్టబడియే యున్నవి. పోయినది అవి మేయు నేల. గోచరమనగా గోవు చరించు చోటు. కంటికి కనబడునది యను అర్థమును గూడ ఆ పదమునకు కలదు. మా గ్రామముల లెక్కలలో గోచరము ఇంకను గోచరించుచునే యున్నది. పొలమునకు పోయి చూచినవారికి అగోచరము.

గోవును కాపాడుదమని సభలు చేయువారు మన దేశమున కొదవలేరు. ఆ గోవు నేటి ఉదయమున ఏమి మేసినదని అడుగువారు మాత్రము అరుదు. ఆ ప్రశ్న నడుగుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

కొన్ని యేండ్ల క్రిందట మా యొద్దకు ఒక పెద్దమ్మ వ్యాజ్యముపై వచ్చెను. ఆమెకు భర్త లేడు, భూమి లేదు. రెండు ఆవులు కలవు. ఆ రెండును ఒకనాటి సాయంకాలము ఒక కౌలుదారుని మిరపతోటలో పడెను. కౌలుదారుడు వానిని పట్టి కట్టివేసి తప్పు చెల్లింపుమనెను. అతడును దుర్మార్గుడు కాడు. అప్పు తెచ్చి నారు నాటినవాడు, విఱిగిన మొక్కలను చూపి మా యెదుట కన్నీరు పెట్టెను. మేము ఆ పెద్దమ్మను, "ఆవులను ఏల విడిచిపెట్టితివమ్మా?" యని యడిగితిమి. ఆమె చెప్పిన మాట నేటికిని మా చెవులలో నున్నది: "నా ఆవు దొంగదా అయ్యా? అది మేసే చోటేదో మీరు చూపించండి, రేపటినుంచి అక్కడికే తోలుకుపోతాను."

మేము గ్రామలెక్కలు తెప్పించి చూచితిమి. పశువుల మేతకని వ్రాయబడిన పోరంబోకు ఆ గ్రామమునకు కలదు. అందు సగము సర్కారు తుమ్మతో మూసికొనిపోయినది. తక్కిన సగమునకు పలుకుబడి గలవారు కంచె వేసికొనిరి. వ్యాజ్యము రాజీ అయ్యెను. ఆ పెద్దమ్మ ఒక ఆవును అమ్మి తప్పు చెల్లించెను. ప్రజల బయలును కంచెకట్టినవాడు ఏ కోర్టు మెట్టును ఎక్కలేదు. ఆకలిగొన్న ఆవు నేరస్థురాలయ్యెను. పశువు చేనిలో పడినచో ఏమి చేయవలెనో 1871లోనే తెల్లదొరలు శాసనము వ్రాసిరి. చేనే పశువుల బయలిలో పడినచో ఏమి చేయవలెనో అడుగువాడు లేడు.

ఒక్క గ్రామపు సంగతియని చదువరులు తలంపవలదు. మన ప్రాంతపు వ్యవసాయ చరిత్రమే ఇది. గుండ్లకమ్మ, ముసి, పాలేరు నదుల నడుమనున్న నేల ఒంగోలు జాతి పశువులకు పుట్టిల్లు. ఆ నల్లరేగడి బీళ్లలో చెంగలిగడ్డి మొలచెడిది. గట్టున గరిక పెరిగెడిది. పొలమున జొన్న, వరిగ, సజ్జ పండెడివి. జొన్న గింజ ఇంటివారికి, చొప్ప ఆవులకు, పేడ మఱల పొలమునకు. డెల్టా గ్రామములలో వరికోతకు ముందే పిల్లిపెసర గాని, జనుము గాని మాగాణిలో చల్లెడివారు. వేసవికి పచ్చిమేత దొరకెడిది, నేలకు సత్తువ చేరెడిది. ఆనాటి రైతు ఆవునకు ప్రత్యేకముగా మేత కొనలేదు. తాను తిను పంటనే ఆవుతో పంచుకొనెను.

తరువాత పొగాకు వచ్చెను, పత్తి పెరిగెను, మిరప వచ్చెను. ఈ మూడును రైతునకు రొక్కము నిచ్చినమాట నిజము; మేము కాదనము. కాని ఈ మూడింటిలో దేని మోడును పశువు మేయదు. పొగాకు మోడు పొయ్యిలోనికి, పత్తికట్టె మంటలోనికి, మిరపకట్టె గట్టు మీదికి. పత్తి గింజ యొక్కటి పూర్వము పాడిపశువులకు కమ్మని దాణాగా నుండెడిది. నేడు అదియు మిల్లునకు పోయి నూనె పోగా చెక్కయై, ధర పెంచుకొని మఱల రైతు గుమ్మమునకు వచ్చుచున్నది. వరిగడ్డి యైనను మిగులునా యన్న, యంత్రముతో కోసిన పొలమున గడ్డి నుగ్గై చెదరిపోవుచున్నది; దానిని ప్రోగుచేయు కూలి గిట్టక అనేకులు నిప్పు పెట్టుచున్నారు.

ఇవన్నియు చాలవన్నట్లు గడ్డిమందు దిగెను. చదువరులారా, ఆ పేరును ఒకసారి ఆలోచింపుడు. మన తాతలు గడ్డిని మేత యనిరి. మనము దానిని రోగముగా భావించి మందు వేయుచున్నాము. గట్టుమీద గరికను, కాలువయొడ్డున తుంగను, డొంకలోని పచ్చికను గూడ మాడ్చివేసి, పొలము శుభ్రముగ నున్నదని మురియుచున్నాము. ఆవు చేలో మేసిన దూడ గట్టున మేయునా యని మనవారు సామెత చెప్పిరి. ఆ సామెత పుట్టిన దినములలో గట్టున గడ్డి యుండెడిది. నేడు చేలో మిరప, గట్టున మందు. ఆవును దూడయు ఎచట మేయవలెను?

మేత బయలు పోవుట ఈ నేలకు క్రొత్త దుఃఖము కాదు. దానికై ప్రాణమిచ్చిన చరిత్రము మనది. పలనాటి అడవిపల్లెల రైతులు తరతరములుగా పశువులను మేపుకొనుచున్న అడవికి పరదేశప్రభుత్వము హద్దురాళ్లు పాతి, మేపుటకు పుల్లరి యని పన్ను విధించెను. 1921లో పలనాడు తిరుగబడెను. పుల్లరి చెల్లింపమని రైతులు నిలిచిరి. అధికారులకు నిప్పు నీరు ఇయ్యమనిరి. 1922 ఫిబ్రవరిలో మించాలపాడున కన్నెగంటి హనుమంతు తుపాకి గుండ్లకు ఆహుతియయ్యెను. ఆ వీరుడు రాజ్యము కోరలేదు, సింహాసనము కోరలేదు. పశువు మేసిన గడ్డికి దొరకు సుంకము కట్టనన్నాడు. ఆంధ్రుల స్వాతంత్ర్యసమరమున ఒక మహాఘట్టము పిడికెడు గడ్డికై జరిగినదని మనము మఱువరాదు.

నేడు ఆయన విగ్రహములకు పూలదండలు వేయుచున్నాము. నాడు దొర పుల్లరి యడిగెను. పుల్లరి చెల్లించినవానికి మేయుటకు గడ్డియైనను ఉండెను. నేడు పుల్లరి లేదు, గడ్డియు లేదు. పరదేశి పన్ను వేసిన బయలును స్వదేశి మ్రింగివేసెను. కంచే చేను మేసినట్లు, కాపాడవలసిన గ్రామపెద్దలే బయలును పంచుకొనిరి. హనుమంతు లేచివచ్చి తన పశువులను ఎచటికి తోలవలెనని యడిగినచో సమాధానము చెప్పగల పంచాయతి మన జిల్లాలలో ఎన్ని?

చట్టము లేదందురా? న్యాయవాదవృత్తిలో నున్నవారమై చెప్పుచున్నాము, చట్టము కలదు. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టపు 58వ సెక్షను మేత బయళ్లను, కళ్లములను, మందబయళ్లను, తోపులను గ్రామపంచాయతికే దఖలుపఱచినది. 2011 జనవరి 28వ తేదీన జగ్‌పాల్ సింగ్ వ్యాజ్యములో సుప్రీంకోర్టు, గ్రామముల ఉమ్మడి భూములను ఆక్రమించినవారిని తొలగించి మఱల గ్రామస్థుల ఉమ్మడి వాడుకకు ఇచ్చుటకు పథకములు సిద్ధము చేయవలెనని అన్ని రాష్ట్రములను ఆదేశించెను. పంజాబులోని ఒక పల్లె చెరువు విషయమై వచ్చిన ఆ తీర్పు మన పోరంబోకులకును వర్తించును. చాలకాలముగా అనుభవించుచున్నాము, ఇండ్లు కట్టితిమి, డబ్బు ఖర్చుపెట్టితిమి యనుట ఆక్రమణకు సమర్థన కాదని ఆ తీర్పు చెప్పినది. భూమిలేని పేదలకును దళిత గిరిజనులకును ప్రభుత్వము పట్టా యిచ్చిన సందర్భములకు, బడి వైద్యశాల వంటి ప్రజోపయోగములు ఏర్పడిన చోట్లకు మినహాయింపు నిచ్చినది. ఇంతకన్న స్పష్టమైన మాట ఇంకేమి కావలెను? చట్టము కాగితముమీద నున్నది, తుమ్మ పొలముమీద నున్నది.

ఇక ఆవు కడుపు సంగతి. ఆవు మనిషివంటిది కాదు. దాని మొదటి పొట్ట ఒక పెద్ద కాగు. అందులో కోట్లకొలది సూక్ష్మజీవులు నివసించి, మనకు జీర్ణము కాని పీచును పులియబెట్టి ఆవునకు ఆహారము చేయును. ఆవు నెమరువేయుట అందుకే. పీచు లేక గింజయు పిండియు ఎక్కువైనచో ఆ కాగులో పులుపు పెరిగి, సూక్ష్మజీవులు చచ్చి, ఆవు మేత మాని నీరసించును. గిట్టలు సైతము చెడును. 400 కిలోల తూకముగల ఆవు నీరు పోగా దినమునకు సుమారు 10 కిలోల ఎండుపదార్థము తినగోరును. పచ్చిగడ్డిలో నూటికి 75 మొదలు 80 పాళ్లు నీరే గనుక, 25 కిలోల పచ్చిమేత వేసినను అందు సగము మాత్రమే నిండును. తక్కిన సగమునకు చొప్ప గాని ఎండుగడ్డి గాని కావలెను. ఈ రెండును సమకూడిన పిమ్మట తవుడును, చెక్కయు, ఉలవయు పాడికొలదిగ పైకూర్పుగా నుండవలెను. అన్నము లేక ఊరగాయయే విస్తరిలో వడ్డించినవానిని మనము ఏమందుము?

మనము ఆవులకు చేయుచున్నది అదియే. వట్టి వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి 3, 4 పాళ్లకు మించవు; పచ్చదనమునుండి లభించు జీవసత్త్వము మిక్కిలి తక్కువ. ఏడాది పొడవునను వరిగడ్డిమీదనే బ్రతికిన ఆవు సకాలమున ఎదకు రాదు. దాని దూడకు చూపు మందగించును. ఆవునేతికి పసుపురంగు ఎచటినుండి వచ్చినది? గడ్డినుండి. పచ్చికలోని రంగుపదార్థమే వెన్నలోనికి దిగి మనకు ఏ విటమినుగా మాఱును. పచ్చిక మేసిన ఆవుపాలలో మేలైన కొవ్వులు హెచ్చని నేటి శాస్త్రజ్ఞులును చెప్పుచున్నారు. నెయ్యి తెల్లబడినదని కల్తీదారుని తిట్టుటకు ముందు, ఆవు పచ్చిక చూచి ఎన్ని నెలలయ్యెనో లెక్కింపుడు.

గడ్డిలోటును సంచిదాణాతో పూడ్చుదుమందురు. సంచి విప్పి వాసన చూచు రైతులెందఱు? బూజుపట్టిన వేరుశనగ చెక్కలోను, తడిసిన మొక్కజొన్నలోను అఫ్లటాక్సిన్ అను విషము పుట్టును. ఆవు తిన్న ఆ విషము రూపు మార్చుకొని పాలలోనికి దిగును. పాలు కాచినను అది పోదు. దేశపు ఆహారభద్రతా ప్రమాణముల సంస్థ 2018లో 6,432 పాల మాదిరులను పరీక్షింపగా, 368 మాదిరులలో, అనగా నూటికి 5.7 పాళ్లలో, ఈ విషము పరిమితిని మించెను. నీళ్లు కలిపిన పాలవాని గూర్చి ఇంటింట గగ్గోలు పుట్టును. మేతనుండి వచ్చిన యీ విషమును గూర్చి ఏ ఇంటనైనను మాట వినబడినదా?

ఇప్పుడు గోభక్తుల యొద్దకు వత్తము. కనుమనాడు కొమ్ములకు రంగులు పూసి, నుదుట బొట్టు పెట్టి ప్రదక్షిణము చేయుదుము. మఱునాడు బీటిలో గడ్డిమందు చల్లుదుము. బండలాగుడు పందెములలో కోడెగిత్తలను చూచి జనము కేరింతలు కొట్టును. ఆ గిత్తలకు ఉడికించిన ఉలవలు మొదలు ఉత్తమమైన ఆహారము పెట్టుదుము. తప్పులేదు. ఆ గిత్తను కన్న తల్లి యావు మాత్రము మోడుబారిన చేనిలో కాగితములు నాకుచు తిరుగుచున్నది. పట్టణములలో ఒక క్రొత్త వర్తకము వెలసినది. దేశవాళి ఆవుపాలని, ఏ2 పాలని సీసాలకెత్తి హెచ్చువెలకు అమ్ముచున్నారు. ఆహారభద్రతా సంస్థ 2024 ఆగస్టులో ఆ ఏ2 మాటలను చీటీలనుండి తొలగింపుమని చెప్పి, కొలది దినములలోనే ఆ యుత్తరువును ఉపసంహరించుకొనెను. ఆ వాదము మాకు ముఖ్యము కాదు. ఆవు మూపురముగలదైనంతమాత్రమున, నాలుగు గోడలనడుమ గొలుసున కట్టబడి సంచిదాణా తిన్నచో, అది బీటిలో మేసిన ఆవుతో సమానమగునా? జాతిపేరు సీసాపై వ్రాయువారు మేతపేరును గూడ వ్రాయుదురుగాక.

సేంద్రియమని చెప్పుకొనువారికి గూడ ఇదే ప్రశ్న. అమెరికాలో 2010లో వచ్చిన నియమము ప్రకారము, సేంద్రియ పాలని అమ్మువాడు ఏడాదికి 120 దినములకు తక్కువ కాకుండ ఆవులను పచ్చికలో మేపవలెను. ఆ కాలమున ఎండుపదార్థములో నూటికి 30 పాళ్లైనను ఆ పచ్చికనుండియే రావలెను. ఐరోపాలో దినసరి మేతలో 60 పాళ్లు గడ్డి చొప్పల వంటి పీచుమేతయే కావలెనని నిబంధన. వాణిజ్యమే పరమార్థమని మనము ఆడిపోసికొను దేశములు గడ్డిని కొలిచి శాసనము చేసికొనెను. గోమాతయని నిత్యము స్తోత్రము చేయు మన పాలసంఘములు వెన్నశాతము కొలిచి వెల కట్టును. ఆవు పొలము చూచినదా లేదా యని అడుగవు. వెన్నకే వెల యైనప్పుడు రైతు గేదెను కాక ఆవును ఏల ఉంచుకొనును? 2019 పశుగణనలో ఆంధ్రప్రదేశమున గేదెలు సుమారు 62 లక్షలు, ఆవులు ఎద్దులు కలిసి సుమారు 46 లక్షలు.

రాష్ట్రప్రభుత్వము 2016 మొదలు ప్రకృతి వ్యవసాయమును ప్రోత్సహించుచున్నది. ఎకరమునకు జీవామృతము చేయుటకు 200 లీటర్ల నీటిలో 10 కిలోల పేడ, 5 మొదలు 10 లీటర్ల మూత్రము, బెల్లము, పప్పుపిండి కలుపుమని ఊరూర చెప్పుచున్నారు. మంచి పని, అందు సేవ చేయువారిలో మేమును ఒకరము. కాని ఊరూర మాకు ఎదురగు ప్రశ్న ఒక్కటే: "పేడ పట్టుకురమ్మంటారు, ఆవుకు గడ్డేదండీ?" పేడకు ముందు మేత రావలెను. మందు కొట్టిన చొప్ప తినిపించి, ఆ పేడతో నేలను శుద్ధిచేయుదమనుట ఎట్టి విధానము?

మా మాటకు ఆక్షేపణలు రాకపోవు. భూమి ఎచట నున్నది, ఎకరము మిరపలో వచ్చు ఆదాయము గడ్డిలో వచ్చునా యందురు. మిరపను మానుమని మేము చెప్పము. మన ప్రాంతమున మిరపనారు సాధారణముగ ఆగస్టు, సెప్టెంబరు నెలలలో నాటుదురు. తొలకరికి విత్తిన పిల్లిపెసర, జనుము, అలసంద వంటివి అప్పటికి కోతకు వచ్చును. పశువునకు మేత, నేలకు నత్రజని. మిరపతోట చుట్టును జొన్న వరుసలు వేసిన పురుగునకు అడ్డగును. మందు పడని చోట ఆ చొప్ప మేతయగును. 2021లో నల్ల తామరపురుగు మిరపతోటలను తుడిచిపెట్టినపుడు, ఒక్క పంటనే నమ్మినవాని యింట నిప్పు రాజలేదు. నాలుగు ఆవులు గలవాడు పాలమ్మి పిల్లలకు అన్నము పెట్టెను. ఆదాయమును మంచి సంవత్సరమున మాత్రమే లెక్కించువాడు రైతు కాడు, జూదరి.

పోరంబోకును పేదలకు ఇండ్లస్థలములుగ ఇచ్చిన తప్పేమందురు. పేదకు ఇల్లు కావలెను. కాదన్నవాడు మనుష్యుడు కాడు. కాని పేదకు ఉన్న ఆస్తి ఒక ఆవో, నాలుగు మేకలో. ఎకరములు గలవాడు తన చేనిలో మేత పెంచుకొనగలడు. భూమి లేనివానికి ఊరి బయలే చేను. దానిని తీసికొని వానికే రెండు సెంట్లు ఇచ్చుట, వాని కుడిచేతినుండి లాగి ఎడమచేతిలో పెట్టుట. పెద్దల ఆక్రమణలోనున్న భూమిని విడిపించి పేదకు ఇల్లు కట్టుడు. మేము జేజేలు పలుకుదుము.

సంకరజాతి ఆవు కడవలకొలది పాలిచ్చును, ఈ బక్క ఆవులేలయని మఱికొందఱు. ఒంగోలు ఆవు పాడికి పేరుగన్నది కాదు, నిజమే. ఎండకు ఓర్చి, పల్చని మేతమీద నిలిచి, నాగలికి ఎద్దును, ఇంటికి పాలను ఇచ్చినది. రెంటచింతల యెండలో సీమజాతి ఆవు ఎంతగా ఎగరోజునో దానిని పెంచిన రైతు నడుగుడు. అయినను జాతివాదము మాకు వలదు. సంకరజాతికైనను గేదెకైనను నెమరు ఒక్కటే, దానికి గడ్డి కావలెను. ఎక్కువ పాలిచ్చు ఆవునకు ఎక్కువ మేలైన గడ్డి కావలెను.

విచ్చలవిడిగ మేపిన బీడు పాడగునని అటవీశాఖవారు నాడును చెప్పిరి, నేడును చెప్పుదురు. విచ్చలవిడిగ మేపుమన్నదెవరు? బయలును నాలుగైదు చెక్కలుగ విభజించి, ఒకదానిలో మేపుచున్నపుడు తక్కినవానికి విశ్రాంతి నిచ్చి, గడ్డి మఱల ఎదిగిన పిదపనే పశువులను అందులోనికి తోలవలెను. వానలలో మేపి, మిగిలినది కోసి ఎండబెట్టి వేసవికి వామి వేయవలెను. ఇది కొత్త విద్య కాదు. లేత జొన్న వానలేక వాడియున్నపుడు ఆవును తోలిన నాము తగిలి చచ్చునని చదువురాని మన రైతు కాపరి పిల్లవానికి నేర్పెను. అంతటి మేతజ్ఞానముగల జాతికి వంతుమేపు నేర్పుట కష్టమా?

మన గోవు చరిత్రలో మిక్కిలి విచిత్రమైన ఘట్టము సముద్రమునకు ఆవల కలదు. పందొమ్మిదవ శతాబ్దము మొదలు ఒంగోలు జాతి పశువులు బ్రెజిల్ దేశమునకు పోయెను. ఒంగోలు నాడు నెల్లూరు జిల్లాలో నుండుటచే వానికి అచట నెల్లోరె యని పేరు. 1960 తరువాతి యేండ్లలో ప్రకాశము జిల్లా కరవది గ్రామపు ఆబోతు అచటికి పోయి ఆ జాతికి మూలపురుషులలో ఒకటిగా కీర్తిగాంచెను. నేడు ఆ దేశమున 20 కోట్లకు మించిన పశువులలో అధికభాగము నెల్లోరెలే. వారు మాంసమునకై పెంచుదురు. ఆ బీళ్లకై అడవులను నఱికిరని లోకము నిందించుచున్నది, ఆ నింద న్యాయమే. వారి మార్గము మనకు వలదు. కాని ఒక్క సత్యము మనలను గ్రుచ్చుచున్నది: కరవది గిత్త సంతతి పరదేశమున పచ్చికలో కడుపునిండ మేయుచున్నది, కరవది పరిసరములలో దాని చుట్టములు వరిగడ్డికై మెడచాచుచున్నవి. లాం, చదలవాడ క్షేత్రములలో ప్రభుత్వము ఆ జాతిని కాపాడుచున్నది. క్షేత్రముల కంచెవెలుపల అది బ్రతుకుటకు చోటేది? జాతిని గాజుపెట్టెలో భద్రపఱచిన అది బొమ్మయగును.

కావున మా కోరికలు స్పష్టముగ చెప్పుచున్నాము. మొదటిది: ప్రతి పంచాయతి తన మేత బయలును సర్వే చేయించి, హద్దురాళ్లు పాతి, ఆక్రమించినవాని పేరుతో సహా గ్రామసభలో చదివి వినిపింపవలెను. రెండవది: సర్కారు తుమ్మను వేళ్లతో పెకలించి, చెంగలిగడ్డిని, స్టైలోను చల్లి, గట్లపై అవిసెను నాటవలెను; ఆ పని కూలి ఊరిపేదలకే చెందవలెను. మూడవది: గట్లు, డొంకలు, కాలువయొడ్లు గడ్డిమందునకు నిషిద్ధములని గ్రామమే కట్టుబాటు చేసికొనవలెను. నాల్గవది: పచ్చిక మేసిన ఆవుపాలకు పాలసంఘములు వేఱు కొలత, వేఱు వెల ఏర్పఱుపవలెను. ఐదవది రైతు సోదరులకు: మీ పొలములో పదింట ఒక పాలు జొన్నకును, పిల్లిపెసరకును, జనుమునకును విడువుడు. ఇది దానము కాదు. నేలకు మీరు బాకీపడిన వడ్డీ.

విరాటపర్వమున అర్జునుడు యుద్ధమునకు పోవుటకు ముందు జమ్మిచెట్టు నొద్దకు పోయెను. పాండవుల ఆయుధములు ఏడాదిగా దానిపై కట్టబడియుండెను. మన ఆయుధములును అట్లే మూటగట్టబడియున్నవి: ఒక చట్టపు సెక్షను, ఒక సుప్రీంకోర్టు తీర్పు, పలనాటి రక్తము నేర్పిన పాఠము. జమ్మికి దాయాదియైన సర్కారు తుమ్మ మాత్రము బయలెల్ల ఆవరించి వానిని కప్పివేసినది. ఉత్తరకుమారునివలె సభలో ప్రగల్భములు పలికి, సేనను చూచి రథము దిగి పరుగెత్తువారు మనకు చాలమంది కలరు. మాకు కావలసినవారు చెట్టెక్కి మూట దింపువారు.

ఆ పెద్దమ్మ ప్రశ్నకు మేము ఇంకను బాకీయున్నాము. ఆమెకు మిగిలిన ఒక్క ఆవును తోలుకొనిపోవలసిన చోటును ఆమె ఊరివారు చూపు దినముననే, ఈ బయళ్లలో గోపూజ చేసినట్లు మేము ఒప్పుకొందుము.